గోడమీద నీలం ఒక్కటే ఎందుకు మిగిలింది?

మీరెప్పుడైనా బాన్సువాడలో బస్సు దిగి బజారు వైపు నడుస్తూ గోడలమీది సినిమా పోస్టర్లను పరీక్షగా చూశారా? బొమ్మల కోసం కాదు, రంగుల కోసం! కొత్తగా అంటించిన పోస్టరు పెళ్లిపందిరిలా మెరిసిపోతుంటుంది. దాని పక్కనే రెండు మూడు నెలలు ఎండలో మాడిన పాత పోస్టరు ఒకటి ఉంటుంది. అందులో కథానాయకుడి ముఖం పాలిపోయి నీలిబారి ఉంటుంది. నాయిక కట్టిన ఆకుపచ్చ చీర నీలిచీర అయిపోతుంది. ఎర్రటి పెద్ద అక్షరాలతో వేసిన సినిమా పేరు వెతికినా కనిపించదు.

"ఎండకు వెలిసిపోయింది" అని ఊరుకుంటాం. కాని వెలిసిపోవడమంటే అన్ని రంగులూ సమానంగా పలచబడాలి కదా! నీలం ఒక్కటే ఎలా మిగిలింది?

ఈ చిక్కు విడాలంటే ఒక భూతద్దం కావాలి. దానితో కొత్త పోస్టరును దగ్గరగా చూడండి. ముఖం మాయమవుతుంది. దాని స్థానంలో చిన్న చిన్న చుక్కలు! పసుపు చుక్కలు, మెజెంటా అనే ముదురు గులాబీ చుక్కలు, సియాన్ అనే ఆకాశనీలం చుక్కలు, నల్ల చుక్కలు. అంతే. పోస్టరులో వందల రంగులున్నట్లు కనిపిస్తున్నా, అచ్చుకు వాడినవి ఈ నాలుగు సిరాలే. పసుపుమీద మెజెంటా పడితే ఎరుపు. పసుపుమీద సియాన్ పడితే ఆకుపచ్చ. మనిషి చర్మం రంగు రావాలంటే పసుపు, మెజెంటా ఎక్కువగా ఉండి మిగతావి కొద్దిగా ఉండాలి.

మరి దూరం నుంచి చుక్కలు కనిపించవేం? మన కంటికి ఒక హద్దు ఉంది. ఒక మిల్లీమీటరు ఎడంగా ఉన్న రెండు చుక్కలు దాదాపు మూడున్నర మీటర్ల దూరం నుంచి ఒకటిగా కలిసిపోయి కనిపిస్తాయి. పోస్టరు చుక్కలు ఇంకా దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకే రోడ్డుకు అవతల నిలబడ్డవాడికి చుక్కలు కాదు, ముఖమే కనిపిస్తుంది.

కంప్యూటర్లు రాకముందు పోస్టరు కుంచెతో మొదలయ్యేది. పాలకొల్లులో పుట్టిన ఈశ్వర్ 1967లో బాపు తీసిన 'సాక్షి'తో మొదలుపెట్టి రెండువేలకు పైగా సినిమాలకు ప్రచారచిత్రాలు రూపొందించారు. 2021లో కన్నుమూశారు. బాపు స్వయంగా కూడా పోస్టర్లు వేసినవారే. చిత్రకారుడు వేసిన బొమ్మను రంగుటద్దాల గుండా ఫోటోలు తీసి నాలుగుగా విడదీసేవారు. నీలిరంగు అద్దం పసుపు సిరా పడవలసిన చోట్లను చూపిస్తుంది. ఆకుపచ్చ అద్దం మెజెంటాకు, ఎర్ర అద్దం సియాన్‌కు. ఆ నాలుగింటినీ నాలుగు లోహపు రేకులమీదికి ఎక్కించి, ఒకే కాగితంమీద ఒకదాని తరువాత ఒకటిగా అచ్చువేస్తారు. రేకుమీద బొమ్మ ఉన్నచోట నూనె సిరా అంటుకుంటుంది. లేనిచోట నీరు నిలిచి సిరాను రానివ్వదు. నూనె, నీరు కలవవన్న సంగతి ఆధారంగా 1790లలో జర్మన్ దేశస్థుడు సెనెఫెల్డర్ రాతిమీద కనిపెట్టిన పద్ధతికి ఇది మనుమడు. శివకాశి అంటే మనకు టపాకాయలే గుర్తొస్తాయి గాని, దక్షిణాది సినిమా పోస్టర్లు ఎన్నో అచ్చయింది ఆ ఊళ్లోనే.

ఇక మన నీలం సంగతి.

ఏ వస్తువుకైనా రంగు ఎందుకుంటుంది? తనమీద పడిన కాంతిలో కొంత భాగాన్ని మింగి, మిగతాది తిప్పి పంపుతుంది కనుక. పసుపు సిరా నీలికాంతిని మింగుతుంది. మెజెంటా ఆకుపచ్చ కాంతిని, సియాన్ ఎర్రకాంతిని మింగుతాయి. ఎర్రకాంతి కన్నా నీలికాంతికి శక్తి ఎక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అంతకన్నా ఎక్కువ. ఈ శక్తి తగిలి రంగు అణువులోని బంధాలు తెగితే, ఆ అణువు ఇక కాంతిని మునుపటిలా మింగలేదు. అంటే రంగు పోయినట్లే.

కాని అసలు తేడా అణువుల కట్టుబాటులో ఉంది. సియాన్ సిరాలో వాడే పదార్థం పేరు కాపర్ థాలోసయనిన్. 1935లో అమ్మకానికి వచ్చింది. నడుమ ఒక రాగి పరమాణువు, చుట్టూ గట్టిగా అల్లుకున్న వలయం. బండిచక్రానికి ఇరుసులాగా! ఆ చక్రాన్ని విడగొట్టడం ఎండకు అంత సులువు కాదు. నల్ల సిరాలోని మసి వట్టి కార్బన్, దానికి ఎండ ఒక లెక్కే కాదు. పోస్టర్లకు వాడే మామూలు పసుపు, మెజెంటా సిరాలకు అంత గట్టిదనం లేదు. ఎండకు తట్టుకునే సిరాలు లేకపోలేదు, వాటి ధర ఎక్కువ. నాలుగు వారాలు ఆడితే గొప్ప అనుకునే సినిమాకు అవి ఎవరు కొంటారు? అందులోనూ మైదా బంక రుచికి మేకలు ముందే వచ్చి పోస్టరును పీకి తినేస్తుంటే!

ఇప్పుడు పాత పోస్టరును మళ్లీ చూడండి. ఎర్ర అక్షరాలలో ఉన్నవి పసుపు, మెజెంటాలు మాత్రమే. రెండూ పోయాయి, పేరు పోయింది. ఆకుపచ్చ చీరలో పసుపు పోయింది, సియాన్ మిగిలింది. బాటసారిని ఆపడానికి చిత్రకారుడు ఏరికోరి వేసిన రంగులే అన్నిటికన్నా ముందు పోయాయన్నమాట. ఈశ్వర్ తరంవారి పని చాలావరకు ఇలాగే గోడలమీద కరిగిపోయింది. పూణేలో 1964లో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారం పోస్టర్లను కూడా సేకరించింది. పాత పోస్టరు దొరికితే, దాన్ని చీకట్లో, పొడిగా దాచాలి.

మీరే పరీక్షించండి. రంగుల క్యాలెండరు కాగితం ఒకటి తీసుకోండి. (గోడమీది పోస్టరు చించకండి, అది కొత్త సినిమాది కావచ్చు!) ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు ఉన్న భాగాన్ని కత్తిరించి, సగం మీద దళసరి అట్ట కప్పి, దక్షిణం ఎండ తగిలే కిటికీ బయట అంటించండి. వానొస్తే లోపలికి తీయండి. వారానికొకసారి అట్ట ఎత్తి రెండు సగాలనూ పోల్చి, తేదీ వేసి రాసుకోండి. ఆరు వారాల తరువాత భూతద్దం తీసి, ఏ చుక్కలు మిగిలాయో లెక్కపెట్టండి.