బోరుబావి మోటారు వద్ద నిరోధం, విద్యుత్ సామర్థ్యాల గణన

వోల్టేజిని విద్యుత్ ప్రవాహంతో భాగించగా నిరోధం, గుణించగా సామర్థ్యం లభిస్తాయి. ఈ సూత్రాలు తీగలకు నేరుగా వర్తిస్తాయి. మోటారుకు మాత్రం వర్తించవు.

మూడు ఫేజుల సబ్‌మెర్సిబుల్ మోటారుకు 100 మీటర్ల పొడవు, 4 చదరపు మిల్లీమీటర్ల మందం గల రాగి కేబులు ద్వారా 8 ఆంపియర్లు ప్రవహిస్తున్నాయనుకుందాం. ఒక్కొక్క తీగలో వోల్టేజి తగ్గుదల 3.44 వోల్టులైతే,

నిరోధం = 3.44 ÷ 8 = 0.43 ఓములు
వేడిగా వృథా అయ్యే సామర్థ్యం = 3.44 × 8 = 27.5 వాట్లు

మూడు తీగలలో నష్టం సుమారు 83 వాట్లు.

సరఫరా వోల్టేజి తగ్గినప్పుడు అదే భారాన్ని మోయడానికి మోటారు అధిక ప్రవాహం తీసుకుంటుంది. అది 10 ఆంపియర్లకు చేరితే నష్టం 3 × 10² × 0.43 = 129 వాట్లు. ప్రవాహం 25 శాతం పెరగగా నష్టం 56 శాతం హెచ్చింది. మోటారు చుట్టలలోనూ వేడి ఇదే రీతిలో పెరుగుతుంది. లో వోల్టేజిలో మోటార్లు కాలిపోవడానికి ముఖ్య కారణమిదే.

మోటారు గ్రహించే సామర్థ్యానికి పవర్ ఫ్యాక్టరును చేర్చాలి. అది 0.8 అయితే, 1.732 × 415 × 8 × 0.8 = 4,600 వాట్లు. 415ను 8తో భాగిస్తే వచ్చేది చుట్టల నిరోధం కాదు. దానిని సరఫరా నిలిపి కొలవాలి.

కనుక రైతుకు సలహా ఇచ్చే ముందు వోల్టేజితోపాటు ప్రవాహాన్నీ కొలిచి, ఓవర్‌లోడ్ రిలే అమరికను మోటారు నేమ్‌ప్లేటుపై ఉన్న ఆంపియర్లతో సరిచూడాలి.