నీరుకట్టె పిల్లలు

చెరువుగట్టునను, వరిమడి కాలువలోను జానెడు పొడవైనను లేని పాముపిల్ల కానవచ్చినచో మన బాలురు రాయి విసరుదురు. లేదా ధైర్యము చూపుటకై చేతబట్టుదురు. ఈ రెండును తగనివి. ఏల తగవో తల్లిదండ్రులు ముందుగా నెరిగినచో బిడ్డలకు బోధించుట సులభమగునని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మనము నీరుకట్టె యనుదానినే తమిళులు తణ్ణీర్‌పాంబనియు, కన్నడిగులు నీరుహావనియు పిలుతురు. విశాఖపట్టణమున నుండి సర్పములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1796లో ప్రకటించిన గ్రంథమున దీని చిత్రమును చేర్చెను. 1799లో ష్నైడర్ అను పండితుడు దీనికి 'పిస్కేటర్' అను శాస్త్రనామము నొసగెను. లాటిను భాషలో ఆ మాటకు చేపలు పట్టువాడని యర్థము.

ఇది నీట దిరుగునదే యైనను గుడ్లను నీటిలో పెట్టదు. గుడ్డులోని పిండము పెంకుగుండా గాలిని పీల్చుకొనవలెను. నీట మునిగినచో నశించును. కావున తల్లి ఒడ్డుననున్న బొరియలలో గుడ్లుపెట్టి, అవి పొదుగబడువరకు కాచియుండును. ఒక్కొక్క తడవకు సాధారణముగా 30 మొదలు 70 వరకు గుడ్లుండును. సుమారు రెండు నెలలకు పిల్ల తన మూతికొననున్న చిన్న పంటితో మెత్తని పెంకును చీల్చుకొని వెలుపలికి వచ్చును. ఆ పన్ను పిదప రాలిపోవును.

అటుపిమ్మట తల్లి సాయము లేదు. కడుపులో మిగిలిన పచ్చసొనయే తొలిదినముల యాహారము. కొలది దినములకు మొదటి కుబుసము విడిచి, తోకకప్పలను, చిన్న చేపపిల్లలను వేటాడసాగును. పసితనమున పెరుగుదల వేగము గనుక కుబుసమును తరచుగా విడుచును. వయసు ముదిరినకొలది అది తగ్గును. కొంగలు, గ్రద్దలు, పెద్దచేపలు వీనిని తినివేయును. అన్ని గుడ్లలో పెద్దవగునవి కొన్నియే.

నీరుకట్టె బెదరినప్పుడు మెడను వెడల్పుచేయుటచే నాగుపామని భ్రమపడి చంపువారు పెక్కురు. ఇది కరచును గాని మనుష్యునకు విషభయము లేదు. అయినను నీటనున్న పామెల్ల నిరపాయమని బిడ్డలకు చెప్పరాదు. సముద్రపు పాములలో పెక్కింటి విషము ప్రాణాంతకము. వాని పిల్లలకును పుట్టుకనుండియే విషముండును. ఏది యేదో బాలుడు నిర్ణయింపజాలడు.

కావున ముట్టవద్దు, కొట్టవద్దు, దూరముగా తొలగి పెద్దలకు చెప్పుమని నేర్పవలెను. పాము కరచినచో గాయమును కోయక, గట్టిగా కట్టు కట్టక, ఆ యవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

పాముపిల్లకు పుట్టిననాడే తల్లి యండ తీరును. మన బిడ్డలకు మన మున్నాము. భయమును కాక వివేకమును నేర్పుట మన విధి.