పాత కంప్యూటరునకు మెమరీ పెంచిన విధము

మన పాఠశాలలో విజ్ఞానశాస్త్రపు గది కిటికీ ప్రక్కనున్న బల్లమీద రబ్బరు మీటలుగల చిన్న నల్లని యంత్రమొకటి కలదు. తల్లిదండ్రుల సభనాడు దానిని చూచిన పెద్దలు పలువురు, ఇది ఆటవస్తువా, లెక్కల యంత్రమా అని మమ్ము నడిగిరి. అది కంప్యూటరు. దాని పేరు జెడ్‌ఎక్స్ స్పెక్ట్రం. ఇంగ్లండు దేశమందలి కేంబ్రిడ్జి పట్టణమున సింక్లేర్ రీసెర్చి అను సంస్థ దీనిని 1982 ఏప్రిల్ 23వ తేదీన విడుదల చేసెను. ఇంటిలోని టెలివిజనుకు తగిలించుకొని వాడదగినదియు, చవుకయైనదియు నగుటచే ఆ దేశపు బాలురెందరో దీనిమీదనే ప్రోగ్రాములు వ్రాయుట నేర్చిరి. పిమ్మట డెసిబెల్స్ అను సంస్థవారు దీని తరువాతి రూపమును మన దేశమునందును తయారుచేసి యమ్మిరి. 1984లో మొదలైన "క్లాస్" అను ప్రభుత్వ పథకమువలన మన దేశపు పాఠశాలలకు వచ్చినవి వేరు, అవి బి.బి.సి. మైక్రోలు. మా యంత్రము ఇంగ్లండునుండియే వచ్చినది. ఒక పూర్వవిద్యార్థి యింటివారు అటకమీద చిరకాలము పడియున్న దానిని మాకిచ్చిరి.

స్పెక్ట్రం మొదట రెండు విధములుగా అమ్ముడువోయెను. 16 కె మెమరీ గలది 125 పౌండ్లు, 48 కె గలది 175 పౌండ్లు. మాకు దొరకినది చిన్నది.

చిన్నదియైన నేమి, నేర్చుకొనుటకు చాలదా యని మేము తలచితిమి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె యడిగిన ప్రశ్నతో ఆ తలంపు తప్పెను. "అయ్యగారూ, ఇందులో తెలుగు ఎందుకు లేదండీ?" అని యామె యడిగినది. ఆ యంత్రమునకు ఇంగ్లీషు అక్షరములు తప్ప వేరొండు తెలియదు. వాడువారు స్వయముగా గీసికొనుటకు 21 ఆకృతులకు మాత్రము చోటుంచిరి. 21 ఆకృతులలో మన అచ్చులును హల్లులునే యిముడవు. గుణింతములు, వత్తులు చెప్పనేల? అదియుగాక అందలి యక్షరము అడ్డమునకు 8, నిలువునకు 8 చుక్కలు. అంతటి యిరుకులో "ఖ" కును "భ" కును భేదము తెలియదు. కావున ఆ బాలిక ఒక్కొక్క తెలుగు అక్షరమునకు 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల యెత్తు తీసికొని, గ్రాఫు పుస్తకములో గీయుట కారంభించెను. అట్లు గీసిన అక్షరమొక్కటికి 256 చుక్కలు, అనగా 32 బైట్లు వలయును. మేము ఎంచుకొన్న ఆకృతులు 250. వానికన్నిటికి 8,000 బైట్లు.

16 కె అనగా 16,384 బైట్లు. అందు తెరమీది బొమ్మకే 6,912 బైట్లు పోవును. యంత్రము తన సొంత లెక్కలకు మరికొంత తీసికొనును. మనకు మిగులునది సుమారు 8,800. ఆ బాలిక యక్షరములు చేరినపిమ్మట, వానిని తెరమీద పేర్చు ప్రోగ్రామునకు 800 బైట్లు మాత్రమే మిగులును. ఒక చిన్న ఉత్తరమంత యన్నమాట. 48 కె అయినచో మనకు దక్కునది సుమారు 41,600 బైట్లు. కావున మెమరీ పెంచక గత్యంతరము లేకపోయెను.

ఇక్కడ విద్యార్థులు ఒక లెక్క గ్రహింపవలయును. ఈ యంత్రపు మెదడు జెడ్80 అను చిప్పు. దానికి చిరునామాలు చెప్పు తీగెలు 16. రెంటిని 16 మారులు హెచ్చించినచో 65,536 వచ్చును. అన్ని గదులను మాత్రమే అది పిలువగలదు. మొదటి 16 కె గదులు చెరపరాని శాశ్వత మెమరీకి, తరువాతి 16 కె గదులు మన యంత్రముతో వచ్చిన మెమరీకి చెందినవి. పై 32 కె గదులకు చిరునామాలు కలవుగాని, ఇండ్లు లేవు. పలకమీద ఆ ఇండ్లకై 12 ఖాళీ సాకెట్లు విడిచియుండుట యంత్రమును విప్పినపుడు చూచితిమి. అందు ఎనిమిది మెమరీ చిప్పులకు, నాలుగు వానికి చిరునామాలందించు చిన్న చిప్పులకు.

ఎనిమిదేల యనగా, ప్రతి చిప్పు బైటునందలి ఎనిమిది బిట్లలో ఒక్కొక్క బిట్టును మాత్రమే దాచును. ఒక అక్షరపు ముక్క ఎనిమిది చిప్పులలో చీలి నిలిచియుండును. వానిలో ఏ ఒక్కటి చెడినను అన్ని బైట్లును చెడును.

ఆ సాకెట్లలో మొదట కంపెనీవారుంచినవి యెట్టి చిప్పులనుకొనుచున్నారు? సగము చెడినవి. ఆ దినములలో 64 కె బిట్ల చిప్పులు వెలగలవి. తయారీలో ఒక సగము పాడైనవాటిని కొందరు తయారీదారులు 32 కె చిప్పులుగా ముద్రవేసి చవుకగా అమ్ముచుండిరి. ఏ సగము మంచిదో చిప్పుమీద అంకెవలన తెలియును. పలకమీది చిన్న తీగెను దానికి తగిన స్థానమున అతుకవలయును. ఎనిమిది చిప్పులును ఒకే సగము మంచివై యుండవలయును. ఇంతటి పొదుపు మేము ఎన్నడును వినియుండలేదు. మాకు మాత్రము అట్టివి దొరకలేదు.

హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీకి రెండు శనివారములు పోయి, పాత పలకలనుండి తీసిన పూర్తి 64 కె ఐ.సి.లు ఎనిమిది సంపాదించితిమి. మంచి చిప్పు సగము పని చేయుచు, సగము ఊరక కూర్చుండును. అయిననేమి? మిగిలిన నాలుగు చిన్న ఐ.సి.లు ఇప్పటికిని సులభముగా దొరకును.

అమర్చుటకు ముందు మూడు జాగ్రత్తలు చెప్పెదము. ఈ యంత్రపు 9 వోల్టుల అడాప్టరు మొనలో నడిమి భాగము ఋణము. నేటి అడాప్టర్లలో చాలవరకు నడిమిది ధనము. చేతికందినది గుచ్చినచో యంత్రము చచ్చును. రెండవది, పాత 16 కె చిప్పులకు మూడు వోల్టేజీలు కావలయును: ధన 12, ధన 5, ఋణ 5. ఋణ 5 రాకపోయినచో అవి పాడగును. కావున మీటరుతో చూడక వేళ్లు పెట్టరాదు. చిప్పు ఒక అంచుననున్న గంటు పలకమీది గుర్తుతో కలియవలయును. ఇది మూడవది, ఎవరును పాటింపనిది.

అమర్చి, మీట నొక్కి, యంత్రము తన మెమరీకి పైహద్దు ఎక్కడనో వ్రాసికొన్న రెండు గదులు, 23732, 23733, చదివితిమి. అంతకుముందు 32767 అని చెప్పుచుండినది ఇప్పుడు 65535 అని చెప్పెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మేమును కొట్టితిమి.

తరువాతి వారమంతయు ఆ బాలిక అక్షరములను అంకెలుగా మార్చి యెక్కించెను. ఒక మధ్యాహ్నము ఆమె వచ్చి, తాను సరిగా ఎక్కించిన అక్షరములు చెడిపోవుచున్నవని చెప్పెను. "ళ" కడుపులో చుక్కలు మొలచినవి. "మ" కొమ్ము విరిగినది. నీవే తప్పు ఎక్కించియుందువని మేము గద్దించితిమి. అంకెలను మరల సరిచూచుకొనుమని పంపివేసితిమి. ఆమె మారు పలుకక పోయెను గాని, మరునాడు పుస్తకము తెచ్చి మా ముందుంచెను. అందు రెండు నిలువువరుసలు: ఎక్కించిన వెంటనే చదివిన అంకెలు, పావుగంట తరువాత అదే గదులనుండి చదివిన అంకెలు. పైన గంట, నిమిషములు వ్రాసియుండెను. ఉదయము తప్పులు తక్కువ. ఎండ ముదిరిన వేళ ఎక్కువ. తప్పు ఆమెది కాదు, మాది.

ఎట్లనగా, ఈ జాతి మెమరీలో ప్రతి బిట్టును ఒక సూక్ష్మమైన కెపాసిటరులో విద్యుత్తుగా నిలుచును. అది చిల్లికుండ. లోని విద్యుత్తు ఎడతెగక కారిపోవుచుండును. వేడిమి హెచ్చినకొలది త్వరగా కారును. కావున కొన్ని మిల్లీసెకండ్ల కొకమారు చదివి మరల నింపుచుండవలయును. ఒక అడ్డువరుసలో ఒక్క గదిని చదివినచో ఆ వరుస యంతయు నిండును. అట్లు వరుసలను పిలుచు పని జెడ్80 తానే చేయును. అయితే దాని లెక్క 0 నుండి 127 వరకే పోయి మరల మొదటికి వచ్చును. 64 కె చిప్పులలో కొన్నిటికి 128 వరుసలు పిలిచిన చాలును. కొన్నిటికి 256 పిలువవలయును. మేము కొన్నవి రెండవ రకము. పిలుపందని వరుసలు తమ మాట మరచినవి. ప్రోగ్రాము మాటిమాటికి తాకు గదులు నిలిచినవి. ఎక్కించి విడిచిన అక్షరములు చెదరినవి. యంత్రము మొదట చేయు పరీక్ష క్షణములో ముగియునది గనుక, ఆ చిప్పులు దానియందు కృతార్థములైనవి.

మేము తరగతి ముందరనే ఆ బాలికతో పొరపాటు మాదని చెప్పితిమి. చిప్పు సంఖ్య చూచి కొంటిమే కాని, దాని వివరపత్రము చదువలేదు. మూడవ శనివారము మరల కోఠికి పోయి, 128 పిలుపులతో నిలుచు రకమును అడిగి తెచ్చితిమి. ఈ మారు ఆమెయే అమర్చినది. ఒక బైటు వ్రాసి, మధ్యాహ్నపు ఎండలో రెండు గంటలు విడిచి, చదివినది. మారలేదు.

ఎక్కించినదానిలో కొంత క్యాసెట్టుమీద భద్రపరచియుండెను. దాదాపు నలుబది అక్షరములు గ్రాఫు పుస్తకము చూచి మరల ఎక్కింపవలసివచ్చెను. నేటికి 250 ఆకృతులలో 190 పూర్తియైనవి. తెరమీద వరుసకు 16 అక్షరముల చొప్పున 12 వరుసలు పట్టును. మొదట ఊరి పేరు "ఇబ్రహీంపట్నం" అని వేసి చూచితిమి. "బ్ర" క్రిందనున్న వత్తు పదునారు చుక్కలలో ఇంకను కుదురుట లేదు. దానిని ఆ బాలిక నాలుగవ మారు గీయుచున్నది.