గుండెకు దారి చూపే అయస్కాంతం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• గుండెలోకి గొట్టం పంపేటప్పుడు ఎం.ఆర్.ఐ. ఎలా తోడ్పడుతుందో వివరించగలుగుతారు.
• ఆ గదిలోకి ఇనుప వస్తువులు ఎందుకు తీసుకుపోరాదో చెప్పగలుగుతారు.

1. కోయకుండా గుండెను చేరడం

1929లో జర్మనీ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి సిర గుండా సన్నని గొట్టాన్ని తన గుండెలోకే పంపుకొని, ఎక్స్-కిరణాల చిత్రం తీయించుకున్నాడు. ఈ గొట్టాన్ని కాథెటర్ అంటారు. దీనివల్ల ఛాతీ కోయకుండానే గుండెను పరీక్షించవచ్చు. అయితే లోపల గొట్టం ఎక్కడున్నదో వైద్యునికి కనిపించాలి కదా! అందుకు సాధారణంగా ఎక్స్-కిరణాలు వాడతారు.

వీటికి రెండు పరిమితులున్నాయి. ఎముక, లోహం స్పష్టంగా కనిపిస్తాయి గాని, గుండె కండరం అంత బాగా కనిపించదు. రెండవది వికిరణం. పుట్టుకతో గుండెలోపం ఉన్న బిడ్డకు ఈ పరీక్ష పలుమార్లు అవసరం కావచ్చు. వికిరణం పెరిగేకొద్దీ, ముందుముందు కాన్సరు వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుంది.

2. ఎం.ఆర్.ఐ. చేసే సాయం

మన శరీరంలో నీరు ఎక్కువ. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి రేడియో తరంగాలు పంపితే, నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు సంకేతాలిస్తాయి. కంప్యూటరు వాటిని చిత్రాలుగా మారుస్తుంది. వెంటవెంటనే చిత్రాలు తీస్తే, కొట్టుకొంటున్న గుండెనూ అందులో కదిలే గొట్టాన్నీ చూడవచ్చు. పుట్టుకతో గుండెలోపం ఉన్న పిల్లలకు, పెద్దలకు ఇలా కాథెటర్ పరీక్ష చేసిన ఫలితాలను లండన్ కింగ్స్ కాలేజి బృందం 2003లో ప్రకటించింది.

3. ఇబ్బంది ఎక్కడ?

1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30,000 రెట్లు. ఇనుప కత్తెర కూడా ఎగిరి వచ్చి తగులుతుంది. పైగా, రేడియో తరంగాల వల్ల పొడవైన లోహపు తీగ వేడెక్కి రక్తనాళాన్ని కాల్చవచ్చు. అందుకే లోహంలేని గొట్టాలు కావాలి. కొన్నింటి కొనకు చిన్న బుడగ ఉంటుంది. దానిలో వాయువు నింపితే చిత్రంలో నల్లని చుక్కగా కనిపిస్తుంది. ఆ చుక్కే వైద్యునికి గుర్తు. తగిన పరికరాలు తక్కువ కావడం వల్ల నేటికీ ఎక్కువ చికిత్సలు ఎక్స్-కిరణాల సాయంతోనే జరుగుతున్నాయి.

గుర్తుంచుకోండి: మీరు ఎప్పుడైనా ఎం.ఆర్.ఐ.కి వెళితే తాళంచెవులు, నగలు బయటే ఉంచండి. ఒంట్లో పేస్‌మేకరు గాని, లోహపు ముక్క గాని ఉంటే ముందే చెప్పండి.

పాఠ్యగత ప్రశ్నలు

ఖాళీలు పూరించండి.
1. ఎం.ఆర్.ఐ.లో సంకేతాలిచ్చేవి ........ కేంద్రకాలు.
2. రేడియో తరంగాల వల్ల లోహపు తీగ ........ .

జవాబులు: 1. హైడ్రోజన్ 2. వేడెక్కుతుంది