దోషనిదానం

ఉద్దేశం: లినక్స్ వెబ్ సర్వర్‌లో ప్యాకేజీలను స్థాపించేటప్పుడు తలెత్తే దోషాలకు కారణాలను క్రమపద్ధతిలో కనుగొనే తీరును విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

రోగమేదో తెలియక మందు ఇచ్చేవాడు వైద్యుడు కాడు. అందుకే ఆయుర్వేదం చికిత్సకు ముందు నిదానానికి స్థానం కల్పించింది. మాధవకరుడు రోగనిర్ణయానికే ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించాడు. అది ‘మాధవనిదానం’గా ప్రసిద్ధి పొందింది. శరీరానికి వర్తించే ఈ సూత్రం యంత్రానికీ వర్తిస్తుంది.

వెబ్‌సైట్‌లోని పుటలను అడిగినవారికి అందించే కంప్యూటరే వెబ్ సర్వర్. ఇటువంటి సర్వర్లలో అధికభాగం లినక్స్‌పై నడుస్తాయి. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను వెలువరించాడు. తొలినాళ్ళలో కొత్త సాఫ్ట్‌వేర్ కావాలంటే దాని మూల ప్రోగ్రామును తెచ్చి, యంత్రానికి అనువుగా మలచుకోవలసి వచ్చేది. ఈ శ్రమను తగ్గించినది ప్యాకేజీ. సాఫ్ట్‌వేరును, దాని అమరికలను, అది ఆధారపడే ఇతర ప్యాకేజీల పేర్లను కలిపి కట్టిన మూట ఇది. ఈ మూటలను నిల్వ ఉంచే చోటు రిపోజిటరీ. ఇయాన్ మర్డాక్ 1993లో ప్రారంభించిన డెబియన్, 1999లో వెలువడిన 2.1 సంచికతో ‘ఆప్ట్’ అనే సాధనాన్ని అందించింది. కావలసిన ప్యాకేజీతోపాటు దానికి ఆధారమైనవాటిని కూడా తెచ్చి అమర్చడం ఆప్ట్ పని.

తాండూరు నాపరాళ్ళు పరిచే మేస్త్రీ ముందుగా నేలను చదును చేస్తాడు. అడుగు సరిగా లేనిదే పైరాయి నిలవదు. ఒక ప్యాకేజీకి మరొకటి ఆధారం కావడం ఇటువంటిదే. అడుగున ఉన్నదానిని కదిలిస్తే పైనున్నవన్నీ కదులుతాయి.

వికారాబాద్ జిల్లా పరిగిలో ఒక కళాశాల సర్వర్ ఉన్నట్లు ఊహించుకోవచ్చు. అందులో అపాచీ అనే వెబ్ సాఫ్ట్‌వేర్ పనిచేస్తున్నది. ప్రయోగ పరీక్షల కాలపట్టిక ఆ వెబ్‌సైట్‌లోనే ఉన్నది. దోమ, కుల్కచర్ల మండలాల నుండి బస్సులో వచ్చే విద్యార్థులు దానిని చూసుకొనే బయలుదేరుతారు. సర్వర్ బాధ్యత చూసే యువకుడు ఎంజినెక్స్ అనే మరొక వెబ్ సాఫ్ట్‌వేరును స్థాపించబోయాడు. తెరపై అనేక పంక్తులు కదిలి, చివరకు ‘డీప్యాకేజీ ఒకటవ సంఖ్య దోషంతో ముగిసింది’ అనే అర్థం వచ్చే వాక్యం నిలిచింది.

ఇక్కడ రెండు మార్గాలున్నాయి. చివరి వాక్యానికి బెదిరి, చేతికందిన ప్యాకేజీలను బలవంతంగా తొలగించడం మొదటిది. అలా చేస్తే చక్కగా నడుస్తున్న అపాచీ కూడా పోవచ్చు. ఆనాడు కాలపట్టిక కనిపించక పరీక్ష తప్పిపోయే విద్యార్థికి ఆ పొరపాటు ఫలితం అనుభవంలోకి వస్తుంది.

రెండవది నిదాన మార్గం. చివరి వాక్యం స్థాపన విఫలమైనదని మాత్రమే చెబుతుంది. కారణం సాధారణంగా దానికి పైపంక్తులలోనో, సేవల చిట్టాలోనో ఉంటుంది. ఆ యువకుడు అక్కడ వెదికితే ‘80వ పోర్టు ఇప్పటికే వాడుకలో ఉన్నది’ అనే సూచన కనిపిస్తుంది. ఆ పోర్టును అపాచీ ఆక్రమించి ఉన్నది. ప్యాకేజీ నిక్షేపంగా దిగింది. దానిని ప్రారంభించే చివరి మెట్టు వద్దనే ఆటంకం కలిగింది. ఎంజినెక్స్ అమరికలో 8080వ పోర్టును సూచించి, సగంలో ఆగిన స్థాపనను పూర్తిచేయమని డీప్యాకేజీని ఆదేశిస్తే చాలు. అపాచీకి ఏ హానీ కలగదు.

ఇతర దోషాలకూ వాటి వాటి లక్షణాలున్నాయి. ‘404’ అని వస్తే యంత్రం వద్దనున్న ప్యాకేజీల జాబితా పాతబడి ఉండవచ్చు. ముందుగా దానిని నవీకరించాలి. రిపోజిటరీ పేరే గుర్తింపు కాకపోతే నెట్‌వర్క్‌ను పరిశీలించాలి. ‘తాళం వేసి ఉన్నది’ అంటే మరొక స్థాపన జరుగుతున్నదని అర్థం. అది ముగిసేవరకు వేచి ఉండాలి గాని తాళపు ఫైలును తొలగించరాదు. డిస్కు నిండినా స్థాపన ఆగిపోతుంది. సంతకం సరిపోలేదని యంత్రం హెచ్చరిస్తే తనిఖీని దాటవేయరాదు. ఆ ప్యాకేజీ అసలైనదేనని నిరూపించేది ఆ సంతకమే.

కొన్నిసార్లు సంచిక ఆయువే తీరిపోయి ఉంటుంది. సెంటాస్ 8కి 2021 డిసెంబరు 31న, సెంటాస్ 7కి 2024 జూన్ 30న మద్దతు ముగిసింది. వాటి ప్యాకేజీలు పాత సంచికల భాండాగారానికి తరలినందున, పూర్వపు చిరునామాలను ఆశ్రయించిన సర్వర్లలో స్థాపన నిలిచిపోయింది. చిరునామా మార్చడం తాత్కాలిక ఉపశమనమే. భద్రతా సవరణలు అందే సంచికకు మారడమే అసలు చికిత్స.

ఏ మార్పుకైనా ముందు సమాచారానికి ప్రతిని భద్రపరచడం, ఒకసారికి ఒకే మార్పు చేయడం, చేసినదానిని రాసిపెట్టుకోవడం సర్వర్ నిర్వాహకునికి ఉండవలసిన నియమాలు. యంత్రం తన బాధను తానే చెప్పుకొంటుంది. దానిని ఓపికతో చదివినవాడే దోషాన్ని తొలగించగలడు.

కఠిన పదాలకు అర్థాలు
నిదానం = రోగకారణాన్ని నిర్ణయించడం
భాండాగారం = వస్తువులను భద్రపరచే చోటు
ఉపశమనం = బాధ తగ్గడం

ప్రశ్నలు
1. ప్యాకేజీల పరస్పర ఆధారాన్ని రచయిత దేనితో పోల్చారు? వివరించండి.
2. ఎంజినెక్స్ స్థాపన విఫలం కావడానికి కారణాన్ని ఎలా కనుగొనవచ్చో తెలపండి.
3. సంతకపు తనిఖీని ఎందుకు దాటవేయరాదు?