జ్వరం తగ్గింది, జుట్టు రాలుతోంది

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మూడు నెలల కిందట డెంగీ వచ్చి తగ్గింది. ఇప్పుడు తల దువ్వితే కుచ్చులు కుచ్చులుగా జుట్టు ఊడుతోంది. బోరు నీళ్ల వల్లేనా? మా అన్నయ్యకు 32 ఏళ్లకే నడినెత్తి పలచబడింది. నాకూ అంతేనా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బోరు నీళ్ల సంగతి వదిలేయండమ్మా. కారణం డెంగీయే అయ్యుండొచ్చు. తీవ్ర జ్వరం, కాన్పు, ఆపరేషన్, కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం... వీటి తర్వాత, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్తాయి. అవి రాలేది రెండు మూడు నెలలకు. అప్పటికి జ్వరాన్ని మరిచిపోయి షాంపూను తిట్టుకుంటాం! కుదుళ్లు చావవు. సాధారణంగా ఆరు నెలల్లో రాలడం తగ్గుతుంది, మునుపటి ఒత్తు రావడానికి ఇంకొంత కాలం పడుతుంది.

ఈలోగా హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వలు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించుకోండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. ఎవరో చెప్పారని బయోటిన్ మాత్రలు మింగకండి, అవి థైరాయిడ్ పరీక్ష ఫలితాలను తారుమారు చేయగలవు. తిరుపతి మొక్కుంటే తీర్చుకోండి. గుండుతో మాత్రం జుట్టు ఒత్తుగా రాదు.

మీ అన్నయ్యది వేరే కథ. వంశపారంపర్యంగా కుదుళ్లు డీహెచ్‌టీ హార్మోన్‌కు లొంగి సన్నబడతాయి. ఇది తల్లి వైపు నుంచే కాదు, తండ్రి వైపు నుంచీ వస్తుంది. దీనికి వాడే మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ మందులు తొలిదశలోనే బాగా పనిచేస్తాయి. ఆయన ఫినాస్టెరైడ్ మాత్రలు మీరు వేసుకోవద్దు, గర్భంలోని మగ శిశువుకు ప్రమాదం. మీకు పాపిట వెడల్పవుతున్నా, రూపాయి బిళ్లంత మచ్చలుగా ఊడినా, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా ఆలస్యం చేయకుండా చర్మవైద్యులను కలవండి.