చెఱువులో చేపపిల్లలను వదలుటకు ముందు

ఎస్.ఆర్. నగరమునుండి అమీరుపేట, పంజగుట్టల మీదుగా పోయినచో హుస్సేనుసాగరము కనబడును. గాలము పట్టుట యందు ఆసక్తి గలవారు నీటిని చూచినంతనే, "ఇందులో మరికొన్ని చేపపిల్లలను వదలినచో నెంత బాగుండును!" అని తలంతురు. ఆ కోరిక సహజమే. కాని చేపను నీటిలో వదలుట సులభము, మరల తీయుట దుర్లభము. కావున ముందుగా విచారింపవలసిన సంగతులు కొన్ని కలవు.

ఆ చేప ఆ నీటిలో తనంతట సంతతిని వృద్ధి చేసికొనగలదా యనునది మొదట చూడవలెను. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అనునవి నదీమత్స్యములు. చెఱువునీటిలో చక్కగా పెరుగును గాని, వానకాలపు వఱదనీరు లేనిదే గ్రుడ్లు పెట్టవు. పూర్వము వీని పిల్లలను నదులలో వఱదలప్పుడే పట్టి తెచ్చెడివారు. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలో హీరాలాల్ చౌధురీ, అలికుంహి అను శాస్త్రజ్ఞులు పిట్యూటరీ గ్రంథిరసమును సూదితో నెక్కించి ఈ జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించిరి. నేటి హేచరీలకు అదియే మూలము. తెలంగాణ ప్రభుత్వము 2016వ సంవత్సరమునుండి చెఱువులలో ఉచితముగా చేపపిల్లలను వదలించుటయు దీనివలననే సాధ్యమైనది.

కొఱ్ఱమీను సంగతి వేఱు. తెలంగాణ రాష్ట్రపు చేపయైన యిది చెఱువులోని నాచు, తుంగల నడుమ గూడు కట్టుకొని గ్రుడ్లు పెట్టును. పిల్లలు గుంపుగూడి నీటిపై కదలుచుండగా తల్లిదండ్రులు క్రిందనుండి కాచుచుండును. ఏది సమీపించినను వానిపై దుమికి కఱచును. గాలపువేటగాండ్రకు ఈ తరుణమున కొఱ్ఱమీను సులభముగా చిక్కును. అట్లు చిక్కిన మఱుక్షణము నుండి కావలి లేని ఆ పిల్లలు ఇతర మత్స్యములకు ఆహారమగును. ఇట్టి చెఱువునకు క్రొత్త పిల్లలను కొని తెచ్చుటకంటె, అంచులలోని తుంగను పీకకుండుటయు, పిల్లల గుంపు కనబడినచోట గాలము వేయకుండుటయు మేలు. ఖర్చు లేని పనియే గాని, ఓర్పు కావలెను.

ఇక పరిమాణము. వేసవిలో ఎండిపోవు చెఱువులలో 35 మొదలు 40 మిల్లీమీటర్ల పిల్లలును, నిండు జలాశయములలో 80 మొదలు 100 మిల్లీమీటర్ల పిల్లలును వదలుట వాడుక. పెద్ద జలాశయములలో వాలుగ వంటి వేటచేపలుండును గదా! వాని నోటికి చిన్నపిల్లలు ఒక్క గ్రుక్కెడే. సంఖ్యను గూర్చియు జాగ్రత్త వలయును. బొచ్చె పైనీటను, శీలావతి నడుమను, ఎర్రమోసు అడుగునను మేయును గనుక మూడును కలిసియుండగలవు. మేత కంటె పిల్లలు మిక్కుటమైనచో నన్నియు గిడసబారును. వేటగానికి చేతెడు చేపలు వంద దొరికినను సంతోషమేమి?

దూరపు చేపలను తెచ్చుట యందు ఫలించినవియు, చేటు చేసినవియు కలవు. చల్లని నీలగిరి వాగులలో ట్రౌటు చేపలను వేటకై పెంపవలెనని 1863లో మొదలిడిన యత్నము విఫలమయ్యెను. 1907లో అవలాంచి యొద్ద పొదుగుశాల యేర్పడిన పిమ్మట గాని అవి నిలువలేదు. మన వేడినీటిలో అవి బ్రదుకనేరవు. గోదావరి బొచ్చెను 1921లో కావేరికి చేర్చగా అది అక్కడ స్థిరపడెను. 1952లో మన దేశమునకు తెచ్చిన తిలాపియా మాత్రము అతిగా పిల్లలు పెట్టి, తానును చిన్నదై, ఇతరులకు మేత లేకుండ జేయును. విద్యార్థులారా, గాజుతొట్టెలలో పెంచు సక్కరు చేప పెద్దదైనదని చెఱువులో పాఱవేయువారు కలరు. ఆంధ్రదేశపు నీళ్లలో నిది వలలను చించుచు జాలరులకు బెడదయైనది. జాలిచే చేసిన పని యైనను ఫలమదియే.

హుస్సేనుసాగరములో పిల్లలను వదలవచ్చునా? కూకటుపల్లి, బంజారా, బల్కాపురము, పికెట్ నాలాలు ఊరి మురుగును అందు చేర్చుచు వచ్చినవి. మురుగు కుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించును. చేపలు చచ్చి తేలుట పలుమార్లు జరిగినది. నాలాలు బాగుపడక పూర్వము అందు పిల్లలను పోయుట నా దృష్టిలో ధనవ్యయము, ప్రాణివధ.

పల్లె చెఱువులలోని చేపలపై హక్కు సాధారణముగా మత్స్యకారుల సహకార సంఘములది. వినోదమునకు గాలము వేయువారు వారి యనుమతి గైకొనవలెను. ఎన్ని గంటలు వేసిన నెన్ని చేపలు, ఎంత పొడవువి చిక్కినవో వ్రాసి సంఘమున కిచ్చినచో, మఱుచటి యేడు పిల్లలను వదలవలెనో, ఊరకుండవలెనో వారికి తెలియును.